రాని నవలకు లోడింగ్ చీటీలు

ఒక ఇంగ్లీషు సీరియల్ మీద నవలలు రాసే ఆయన నాకు సొంత చేత్తో ఉత్తరం రాశాడని ఆ రోజుల్లో మూడొందల మందికి చెప్పాను. నీలం సిరా, రెండు పేజీలు, సంతకం కింద "బళ్ళారి లారీ మిత్రులందరికీ నమస్కారాలు" అని ఒక ముక్క. ఇప్పుడు డెబ్భై దాటాక నిజం చెప్పడానికి ఓపిక తక్కువే, కానీ చెప్పిన అబద్ధాలను గుర్తుపెట్టుకోవడానికి అసలే లేదు. అందుకని ఒప్పుకుంటున్నాను. ఉత్తరం రాసింది నేను. పాత నవల వెనక అట్ట మీద ఉన్న చిరునామాకు రాశాను. ఎన్నో నెలలకు ఒక అచ్చు కార్డు వచ్చింది. పాఠకులకు కృతజ్ఞతలు, కొత్త నవలలు సిద్ధమవుతున్నాయి, అంతే. దాని మీద నా పేరైనా లేదు. మూడొందల మందికి చెప్పానన్నది కూడా ఎక్కువే. నలభై మంది ఉంటారేమో.

ఆ నలభై మందీ లారీ డ్రైవర్లు. గనులు జోరుగా నడుస్తున్న కాలం అది. బళ్ళారి నుంచి కొండల వైపు పోయే దారిలో ఒక యార్డులో నేను చీటీలు రాసే పని చేసేవాణ్ణి. ఇనుప ఖనిజాన్ని మా దగ్గర అందరూ మన్ను అనే అనేవారు. మన్ను నింపుకుని రేవుకు పోవడానికి లారీలు రోడ్డు పక్కన కనుచూపు మేర నిలబడి ఉండేవి. వచ్చిన లారీకి వచ్చినట్టు నంబరు వేసి చీటీ ఇవ్వడం నా ఉద్యోగం. రెండు రోజులు, మూడు రోజులు, ఒక్కోసారి అయిదు రోజులు కూడా వాళ్ళక్కడే పడి ఉండాల్సి వచ్చేది. లారీల కింద నిద్ర, టైర్ల పక్కన స్నానం, ఎర్ర దుమ్ములో భోజనం. నంబరు పిలిచినప్పుడు స్టీరింగ్ ముందు మనిషి లేకపోతే ఆ చీటీ వరస తోకకు పోతుంది. అదొక్కటే చట్టం. చీటీలు తమలో తాము మార్చుకోవచ్చు. నా దగ్గరికొచ్చి నంబర్లు కొట్టేయించి, సంతకం పెట్టించుకోవాలి.

యార్డు గేటుకు ఎదురుగా టార్పాలిన్ కప్పిన హోటలు ఒకటి ఉండేది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, టీ. దాన్ని నడిపే ఆవిడ ఒక చిన్న టీవీ, డిస్కులు పెట్టే పెట్టె తెచ్చిపెట్టుకుంది. సినిమాలన్నీ రెండేసి సార్లు అయిపోయాక, ఎవరో బళ్ళారి సంతలో తెచ్చిన ఒక కట్ట డిస్కులు వేశారు. అందులో ఉన్నది ఇంగ్లీషు అంతరిక్షపు సీరియల్. దానికి పేరుంది, అది రాయను, మాకు మాత్రం అది ఓడ సీరియలే. భూమి నుంచి బయల్దేరిన పెద్ద ఓడ, ఎక్కడికి చేరుతుందో తెలియని జనం, తాతలు బయల్దేరితే మనవలు నడుపుతుంటారు. రోజుల తరబడి కదలని లారీల్లో ఉండేవాళ్ళకు ఆ కథ ఎందుకు పట్టిందో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను చదివి గట్టిగా తెలుగులో చెప్పేది నేను. అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాణ్ణి అని అందరూ మెచ్చుకునేవారు. సగం నా సొంతం. అక్షరాలు తొందరగా మారిపోయేవి, నా కళ్ళద్దాల మీద దుమ్ము, నాకు రాని మాటలు బోలెడు. ఓడ కెప్టెన్ చేత నేను తిట్టించిన తిట్లు ఆ దేశంలో ఎవరికీ తెలిసుండవు.

చివరి డిస్కులో ఓడ మెకానిక్కు బయటి గోడకు మరమ్మతు చేయడానికి నడుముకు తాడు కట్టుకుని బయటికి పోతాడు. అతని వెనకే తలుపు బిగుసుకుపోతుంది. అతను బయట, అందరూ లోపల. అక్కడితో అయిపోయింది. టీవీ వాళ్ళు సీరియల్‌ను ఆపేశారు.

ఆ రోజు హోటల్లో ఎవరూ లేచిపోలేదు.

"ఆయప్ప ట్యాంకీలో గాలి ఎంతుంటాది మామా?" అన్నారు ఒకరు నన్ను.

"రిజర్వ్ ఉంటాదిలే," అన్నారు ఇంకొకరు. "రిజర్వ్ లేకుండా బండి యాడన్నా తీస్తారా?"

హోటలావిడ జల్లిగరిటె పట్టుకుని టీవీ ముందుకొచ్చింది. "అంత పెద్ద ఓడలో లోపల్నించి తలుపు తీసేవాడే లేడా అన్నా? వీళ్ళా ఇంగొక లోకం చేరుకునేది?"

అప్పుడే ఒక డ్రైవరు చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. బళ్ళారి కంటోన్మెంట్‌లో ఇంటర్నెట్ సెంటరు నుంచి తీయించుకొచ్చిన కాగితం. ఆ సీరియల్‌కు కొనసాగింపుగా మూడు నవలలు వస్తున్నాయని, మెకానిక్కు ఏమయ్యాడో మొదటి నవల చెబుతుందని అందులో ఉంది.

ఈ డ్రైవరుది కురుగోడు. కాలువ కింద పొలం సగం అమ్మి లారీ కొన్నారు వాళ్ళింట్లో. బళ్ళారిలో బీఎస్సీ రెండేళ్ళు చదివి మానేశాడు. అతని సీటు కింద పానాలతో పాటు చిన్న నిఘంటువు ఒకటి ఉండేది. అదే సీరియల్ మీద అంతకు ముందొచ్చిన రెండు నవలలను దాని సాయంతో, ఒక్కో పేజీ ఒక్కో పూట చొప్పున, వరసలో నిలబడే చదివాడు. నేను వాటిని ఒక్క రోజులో చదివేశానని చెప్పేవాణ్ణి. నాకూ వారం పట్టింది.

అతనికి వరసలో ఎప్పుడూ ముందు నంబరు దొరికేది కాదు. దొరికినా పైనుంచి ఒక ఫోను వచ్చేది, పెద్దవాళ్ళ లారీలు పది ముందుకు దూరేవి. నేను కళ్ళు కిందికి దించుకుని చీటీలు రాసేవాణ్ణి. ఒకసారి టీ తాగుతూ అన్నాడు: "మామా, ఆ మెకానిక్కు సంగతి ఈ రోడ్డు మీద అందరికన్నా ముందు నాకు తెలియల్ల. ఆమేల, తెలిసినాక, నేను వీళ్ళకు చెప్పల్ల. ఒక్కసారన్నా నేను చెప్తే జనం వినల్ల."

"నేను చెప్తే వింటాండారు కదప్పా, దాంట్లో ఏముండాది?"

"నీకు రోజూ ఉండేదే. అందుకే నీకు తెల్దు," అన్నాడు.

పుస్తకం తెప్పించే బాధ్యత నాది. కంటోన్మెంట్‌లో బడి పుస్తకాలమ్మే ఒక ముసలాయన అంగడికి పోయి ఒక ప్రతి కావాలని చెప్పొచ్చాను. ఆయన నాతో చదువుకున్నాడని యార్డులో చెప్పాను. చదువుకోలేదు. నాకంటే పదేళ్ళు పెద్ద.

వేసవిలో వస్తుందన్నారు. వేసవి పోయింది. వానల్లో అన్నారు. ఆ ఏడు వానలే రాలేదు, పుస్తకమూ రాలేదు. సంక్రాంతి పోయాక అన్నారు. ఎదురుచూడటం మాకు అలవాటైన పనే. కానీ లారీ వరసలో ముందు బండి కదిలితే మన బండి ఒక అడుగైనా జరుగుతుంది. ఈ వరసలో ఏదీ జరగలేదు. అయినా రోజుకొకరు గేటు దగ్గర నా బల్ల మీద చెయ్యి వేసి "పుస్తకం యాడికొచ్చె?" అని అడిగిపోయేవారు. నాలుగో నెలకే నాకు విసుగొచ్చింది. అడగడం మానేస్తారేమోనన్న భయమూ వచ్చింది.

అందుకే ఒక పొద్దున చీటీలు మొదలుపెట్టాను. వచ్చే పుస్తకం ఒకటే. చదవాలనే వాళ్ళు, చదివించుకుని వినాలనే వాళ్ళు చాలామంది. కాబట్టి నంబరు వేస్తాను, వరస ప్రకారం తీసుకుపోండి, రేవుకు పోయి తిరిగొచ్చే ఒక ట్రిప్పు గడువు, పిలిచినప్పుడు స్టీరింగ్ ముందు లేకపోతే తోకకు పోతారు. ఈ వరసకు మాత్రం పైనుంచి ఫోన్లు రావు. ఆ మాట నేను కొంచెం గట్టిగానే అన్నాను.

జరిగిందేమంటే, ఆ రోడ్డు మీద చీటీ రాయడం కనబడితే జనం ఎందుకని అడగరు. ముందు వరసలో నిలబడతారు. నేను పుస్తకం చీటీ పుస్తకం చీటీ అని అరుస్తూనే ఉన్నాను, లోడింగ్‌కు రెండో వరస పెట్టారనుకుని జనం లారీల కింద నుంచి దొర్లుకుంటూ లేచి పరిగెత్తుకొచ్చారు. మొదటి చీటీ సిరిగేరి నుంచి వచ్చే ఒకాయన చేతిలో పడింది. ఆయన సగం నిద్రలో ఉన్నాడు. జీవితంలో ఆ సీరియల్ ఒక్క డిస్కు చూసినవాడు కాదు.

"ఏందప్పా ఇది, ఏ ప్లాటు మన్ను?" అన్నాడు చీటీ తిప్పి చూసి.

"ప్లాటు కాదు, నవల."

"నవలా? నేను ఏం చేసుకోవల్ల దాన్ని, డీజిల్లో కలుపుకోవల్లా?"

"వద్దంటే వాపసివ్వు."

"ఎందుకిస్తాను? ఒకటో నంబరు!" అని చీటీని సీటు కింద దోపుకున్నాడు. అక్కడ ఒకటో నంబరును వదులుకునే వాడు లేడు, అది దేనికైనా సరే.

కురుగోడు డ్రైవరు ఆ సమయానికి కమాన్ పట్టీ బిగిస్తూ బండి కింద ఉన్నాడు. చేతులు తుడుచుకుని వచ్చేసరికి అతనికి దక్కిన నంబరు ముప్పై ఎనిమిది. నేనేం చేసేదన్నట్టు చేతులు చాపాను. అతను నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

చీటీలు రాసిన అయిదారు నెలలకనుకుంటాను, ఒక పొద్దున అంగడి ముసలాయనకు ఫోను చేశాను. "మళ్ళీ వెనక్కేసినారంట. ఈసారి తేదీ కూడా చెప్పలేదు. నన్ను అడగొద్దు," అని పెట్టేశాడు. నేను హోటల్లోకి వచ్చాను. లోపల పదిహేను మంది దాకా ఉన్నారు. కురుగోడు డ్రైవరు ఆ రోజు లోడింగ్ వరసలో నాలుగోవాడు. అయిదు రోజులు ఉన్న తరువాత వచ్చిన నాలుగో నంబరు.

"ఏమన్నారు మామా?" అన్నాడు.

నిజం నా నాలుక మీదే ఉంది. కానీ అందరూ బజ్జీ నమలడం ఆపి నా వైపు చూశారు. ఆ చూపులంటే నాకు చిన్నప్పటి నుంచి ఆకలి.

"బెంగుళూరికి వచ్చేసిందంటప్పా," అన్నాను. "రేపు బస్సులో వేస్తారంట. ఎల్లుండి పొద్దునకంతా నా బల్ల మీద ఉంటాది."

అనగానే ఒంట్లో హాయిగా అనిపించింది. అది ఎంతసేపో ఉండలేదు. సిరిగేరి ఆయన బండి అప్పుడే వచ్చి తోకలో ఆగింది. కురుగోడు డ్రైవరు లేచి, గ్లాసులో టీ అలాగే వదిలేసి, ఆ బండి దగ్గరికి పోయాడు. కాసేపటికి ఇద్దరూ నా బల్ల ముందుకొచ్చారు.

"కొట్టేసి రాయి మామా," అన్నాడు. "నా నాలుగు ఈయప్పకు. ఈయప్ప లోడింగ్ నంబరు, పుస్తకం నంబరు, రెండూ నాకు. ఎల్లుండి పొద్దున నేను ఈడనే ఉండల్ల గదా."

సిరిగేరి ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. "నిజంగా పుస్తకం కోసమేనా? ఇంగేమన్నా ఉండాదా దాంట్లో?"

"పుస్తకమే."

"పిచ్చోడప్పా," అన్నాడు, మెల్లగానే, జాలిగా.

నేను అప్పుడైనా చెప్పొచ్చు. కలం చేతిలో ఉంది. నాలుగు కొట్టేసి, రెండొందల చిల్లర నంబరు వేసి, పుస్తకం చీటీ మీద ముప్పై ఎనిమిది కొట్టేసి ఒకటి వేసి, రెండు చోట్లా సంతకం పెట్టాను. అక్షరాలు వంకర పోయాయని రాయాలని ఉంది. పోలేదు. నా అక్షరాలు ఎప్పుడూ గుండ్రంగానే ఉంటాయి.

ఎల్లుండి బస్సు చెడిపోయిందని చెప్పాను. ఆ మరునాడు పార్సెలు హొస్పేటకు తప్పిపోయిందని చెప్పాను. నాలుగో రోజు పొద్దున తవ్వకాలు, రవాణా అన్నీ ఆపేయమని ఉత్తర్వు వచ్చింది. ఇలాంటివి అంతకు ముందూ వచ్చి పోయాయి, రెండు రోజుల్లో సర్దుకుంటుందని అందరూ అన్నారు. వారానికి గేటుకు సీలు పడింది. సిరిగేరి ఆయన బండి అప్పటికే నిండుగా రేవుకు పోయింది. వరసలో మిగిలిన బండ్లు ఒక్కొక్కటే ఖాళీగా తిరిగి ఇళ్ళకు పోయాయి. ఖాళీ లారీ పోతుంటే వెనక తలుపులు చేసే చప్పుడు ఆ రోజంతా విన్నాను.

కురుగోడు డ్రైవరు పోతూ పోతూ బండి ఆపి కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "పుస్తకం వస్తే ఫోను చెయ్ మామా. నంబరు నాదే. మర్చిపోవద్దు."

"హౌదప్పా, చేస్తాను," అన్నాను.

ఆ తరువాత ఏడాదికి పైగా రోడ్డు ఖాళీ. హోటలావిడ టార్పాలిన్ చుట్టి, టీవీని గోనెసంచిలో కట్టుకుని తమ్ముడింటికి పోయింది. పోతూ నాకొక మాట చెప్పింది. "అన్నా, ఆ అప్పకు నిజం చెప్పు. బెంగుళూరులో పుస్తకమే లేదని నాకు ఆ పొద్దే తెలుసు. నువ్వు నిజం చెప్పేటప్పుడు చేతులిట్ల ఊపవు." నేను ఇంట్లో కూర్చున్నాను. దగ్గితే ఇంకా ఎర్ర దుమ్మే పడేది. అతని లారీ అమ్ముడుపోయిందని, అతను వేరేవాళ్ళ ట్రాక్టరు నడుపుతున్నాడని ఎవరో చెప్పారు. ఎన్నోసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను. రోజూ తీసుకున్నానని రాయబోయాను. రెండు సార్లు.

అప్పుడు పుస్తకం వచ్చింది.

అంగడి ముసలాయన ఫోను చేస్తే నాకు ముందు అర్థం కాలేదు. ఏ పుస్తకం అన్నాను. పోయి తెచ్చుకున్నాను. లావాటి పుస్తకం, మీద ప్లాస్టిక్ కవరు. ఆ కవరు కూడా చింపకుండా నేరుగా కురుగోడు బస్సెక్కాను.

కవరు చింపాను. బస్సులో పదకొండు పేజీలు మాత్రం చదివాను. సరే. బస్సెక్కింది మూడు రోజుల తరువాత. ఇంట్లో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా మొత్తం చదివేశాక. నంబరు నాది కాదని తెలుసు. ఎదురుచూసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

మెకానిక్కు తొమ్మిదో పేజీలో చనిపోతాడు. తన తాడు మధ్యలో ఇరుక్కోవడం వల్లే తలుపు బిగుసుకుని పూర్తిగా మూసుకోవడం లేదని చూసి, తాడును తానే కోసుకుంటాడు. తలుపు పడుతుంది, ఓడ సాగిపోతుంది. మిగతా పేజీలన్నీ ఎవరు ఏ సభకు పెద్దగా ఉండాలనే తగువులు. అతని పేరు మళ్ళీ రెండు చోట్ల వస్తుంది. ఇంతకేనా ఇన్నేళ్ళు అనిపించింది. ఎవరి మీదా కోపం రాలేదు, నిద్రొచ్చింది.

కురుగోడు బస్టాండు పక్కన టీ అంగడిలో కలుసుకున్నాం. అతను సన్నబడ్డాడు. ఒంటి మీద ఎర్ర దుమ్ముకు బదులు నల్లరేగడి. పుస్తకం అతని ముందు పెట్టాను. దాన్ని చూడనిచ్చి, అప్పుడు చెప్పాను. బెంగుళూరు అబద్ధమని, బస్సు అబద్ధమని, చీటీలు కొట్టేసి రాసేటప్పుడు నాకు తెలుసని.

టీ వచ్చింది, చల్లారింది.

"కాటా మీద ఏం చేస్తారు మామా? నిండు తూకంలోంచి ఖాళీ బండి బరువు తీసేస్తారు గదా," అన్నాడు. "నీ మాటలు కూడా మేమంతా అట్లనే తీసేసి వింటాంటిమి. ఆ పొద్దు తీసెయ్యడం నేను మర్చిపోతి."

"తప్పు నాది అప్పా."

"నీదే. నాది అని నేను అనలేదు." పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "ఆ ట్రిప్పు పోయింటే ఏమయ్యేదో నాకు తెల్దు. బండి ఇంగో నాలుగు నెలలు నిలిచేదేమో. మా నాయన మాత్రం ఇప్పటికీ అడుగుతాడు, నాలుగో నంబరోడివి ఎట్ల ఖాళీగా వస్తివిరా అని. పుస్తకం కోసమని చెప్పేదానికి నోరు రాదు."

నేను తల దించుకున్నాను.

"చదివితివా?" అన్నాడు.

"లేదప్పా. నంబరు నీదే గదా."

"కవరు యాడ?"

"అంగట్లోనే తీసేసిరి."

అతను పుస్తకం వీపు మీద వేలితో నిలువునా తడిమాడు. చదవని పుస్తకానికి అక్కడ మడతలు పడవు. అతనికి నాకంటే బాగా తెలుసు. టీ డబ్బులు నన్నివ్వనీయలేదు. ఆ మర్యాద తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

ఇరవై రోజులకు ఫోను చేశాడు. "రా మామా. అయిపోయింది. మొదట నీకే చెప్తాను."

మళ్ళీ బస్సు. అదే అంగడి, అదే బల్ల. అతను గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పుస్తకం తేలేదు. పక్క బల్ల మీద ఇద్దరు ట్రాక్టరు వాళ్ళు కూర్చుని ఉన్నారు, వాళ్ళను కూడా ఇటు తిరగమన్నాడు. తాడు కట్టుకుని బయటికి పోయేదాకా కథ వాళ్ళకు ముందే చెప్పి పెట్టినట్టున్నాడు.

"మెకానిక్కు బతికినాడు," అన్నాడు.

నేను అతని ముఖంలోకి చూశాను. అక్కడ నాకు ఏమీ దొరకలేదు. నిఘంటువుతో చదివి తప్పుగా అర్థం చేసుకునే మనిషి కాదు అతను. నేను చదివానని తెలిసే, నోరు విప్పలేని చోట నన్ను కూర్చోబెట్టాడా? లేక తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయి, మిగతాది పొలం గట్టు మీద కూర్చుని తానే అల్లుకున్నాడా? ఆ రోజు నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. కాదు అని ఒక్క మాట అంటే, చదవలేదన్న మాట కూడా అబద్ధమని తేలుతుంది. అంతకంటే, అతను చెబుతుంటే ఇద్దరు మనుషులు టీ తాగడం మానేసి వింటున్నారు.

"తాడు తెగలేదా?" అన్నారు వాళ్ళలో ఒకరు.

"తాడు తెగె. తెగినాక ఏం చేసినాడంటే, ఓడ గోడ మీద బోల్టులుంటాయి కదా, వరసగా. ఒక్కొక్క బోల్టు పట్టుకుని ఓడ వెనకుండే ఇంగో తలుపు దాకా పాకినాడు. రెండు దినాలు."

"గాలి?"

"చెప్తా ఉండప్పా, తొందరేముండాది?"

నా నడుము నొప్పి పెడుతోంది. తిరిగి పోయే బస్సు స్టాండులోకి వచ్చి హారను కొట్టింది. కండక్టరు బళ్ళారి, బళ్ళారి అని రెండుసార్లు అరిచాడు. నేను లేవలేదు.

"ఆమేల?" అన్నాను.

అతను గ్లాసు పక్కకు జరిపి, బల్ల మీద రెండు చేతులూ పెట్టి, ఒకదాని తరువాత ఒకటి ముందుకు జరుపుతూ ఆ మనిషి ఎలా పాకాడో చూపించసాగాడు.